కడిగేసిన కాపురాలు

"వీటిని కడిగిందెవరు?"

షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మోకాళ్ళదాకా బురద. ముక్కు మీద ఈత కళ్ళజోడు అచ్చు ఎర్రగా పడి ఉంది. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు.

నేను పడవ కింద పడుకుని ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న గాలపు దారం కోస్తున్నాను. బయటికి పాకి, చేతులు తుడుచుకుని, "నేనే," అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. తీగ మీద వరసగా ఆరేసిన పచ్చ ప్లాస్టిక్ రిబ్బన్లు అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు మెరుస్తున్నాయి. పడవల అడుగు కడిగే ప్రెషర్ గొట్టం పట్టుకుని పొద్దున్నంతా నిలబడి కడిగాను మరి.

"కుళాయి నీళ్ళతోనా?"

"కాక, పన్నీటితోనా?"

ఒంటికాలి మీద లేవడం అంటారే, ఆవిడ నిజంగానే ఒంటికాలి మీద లేచింది. ఉన్న ఒక్క చెప్పూ తీసి నేలకేసి కొట్టింది.

"బుద్ధుందా మీకు? అవి నావి! ఆ గడ్డి మధ్యలో నేను గుచ్చి పెట్టినవి! వానలు మొదలవకముందు పెట్టాను!"

"ప్లాస్టిక్ తీసుకెళ్ళి సముద్రంలో పెట్టింది మీరా? పెట్టింది చాలక తీసినవాణ్ణి తిడుతున్నారా?"

నా కోపం న్యాయమైందే. నేను ఇంజన్ మెకానిక్‌ని. రేవులో అందరూ నన్ను స్పానర్ అంటారు. ఆదివారం వస్తే, లోతు తక్కువ నీళ్ళలోకి దిగి చెత్త ఏరతాను. సీసాలు, సంచులు, తెగిన వలలు. ఎవరూ ఏరమనలేదు, ఏరినందుకు ఎవరూ టీ కూడా ఇప్పించరు. ఆ ఆదివారం సముద్రపు గడ్డి మధ్యలో పచ్చ రిబ్బన్ల కుచ్చులు కనిపించాయి. ఇనప జల్లెడ ముక్కలకి కట్టి, మేకులతో ఇసకలోకి దిగగొట్టి ఉన్నాయి. ఎవడో పనికిమాలినవాడు పార్టీ చేసుకుని అలంకరణ సామాను పారేశాడనుకున్నాను. మేకులతో సహా పీకేశాను.

"అది చెత్త కాదు. ప్రయోగం," అంది పళ్ళు బిగించి. "ఆ రిబ్బన్లని గడ్డి అనుకుని చిన్నచిన్న ప్రాణులు వచ్చి కాపురం పెడతాయి. నత్తలు, రొయ్యపిల్లలు, పురుగులు. కొన్నాళ్ళయ్యాక మెల్లగా సంచి తొడిగి పైకి తీస్తే, ఆ గడ్డిలో ఎవరెవరు బతుకుతున్నారో తెలుస్తుంది. మీరు గొట్టం పెట్టి... ఆ కాపురాలన్నీ కాలవలోకి కడిగేశారు."

చివరి మాట అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. సారీ చెబుదామని నోరు తెరిచాను. కానీ నా నోటికి ఎప్పుడు ఏం రావాలో తెలిసి చావదు.

"కడగడం ఏమన్నా తేలికైన పనా? కొన్నిటికి గడ్డాలు మొలిచినట్టుంటే రుద్ది రుద్ది నా చేతులు పడిపోయాయి. పాత జెట్టీ కింద ఇసకలో దొరికినవే నయం, ఒక్క చిమ్ముతో శుభ్రమయ్యాయి..."

ఆవిడ వినడం లేదు. షెడ్డు మీద ఉన్న బోర్డు చూస్తోంది. అద్దె పడవలు అని రాసి, కింద మా అమ్మ ఫోన్ నంబరు ఉంటుంది.

"ఓహో," అంది. "ఆవిడ కొడుకా మీరు. మరి చెప్పరేం? మీ అమ్మగారే పంపించారన్నమాట."

"ఎక్కడికి పంపించారు?"

"నాటకాలొద్దు. రేవు కమిటీ మీటింగ్ వచ్చే శనివారం. గడ్డి మీద కొత్త జెట్టీ కట్టమని మీ అమ్మగారు మొదటి సంతకం పెట్టారు. ఆ గడ్డిలో ఏముంది చూపించమని కమిటీ నన్నడిగింది. నేను చూపించాల్సింది మీరు కడిగి ఆరేశారు. ఎంత చక్కగా కుదిరింది!"

నన్ను మొద్దు అనండి, పడతాను. దొంగ అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. "బయటికి నడవండి," అన్నాను.

రిబ్బన్లన్నీ చుట్టగా చుట్టి ఒక ప్లాస్టిక్ టబ్బులో కుక్కింది. అది బరువుగా ఉంది. గుమ్మం దాకా ఈడ్చి, నా వైపు తిరిగి, "కనీసం ఇదైనా మోసి పెడతారా?" అంది.

"నేనేం కూలీనా?"

తనే మోసుకుపోయింది, ఒక చెప్పు ఇక్కడే వదిలేసి.

* * *

ఆవిడ సంగతి రేవంతటికీ తెలుసు. పరిశోధన కేంద్రం నుంచి వచ్చి, తెరచాపలు కుట్టే దుకాణం మీద గదిలో అద్దెకుంటోంది. రోజంతా గడ్డిలో తల పెట్టుకుని తేలుతూ ఉంటుంది కాబట్టి గడ్డి డాక్టర్ అని పేరు పెట్టారు.

ఇంటికొస్తే అమ్మ నన్ను చూసి నవ్వింది. మా అమ్మ నవ్విందంటే ఎవరికో మూడిందని అర్థం.

"గడ్డి పిల్ల సామానంతా పీకి పారేశావటగా! నోట్లో నాలుక లేనివాడివనుకున్నా. ఇన్నాళ్ళకి ఇంటికి పనికొచ్చే పని చేశావు."

"నేనేం కావాలని చెయ్యలేదమ్మా! చెత్తనుకున్నా!"

"అలాగే చెప్పు, ఎవరడిగినా."

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. చెయ్యని తప్పుకి బయట తిట్లు, ఇంట్లో మెప్పు. మెప్పే ఎక్కువ మండింది.

అమ్మ కోపం కూడా ఉత్తినే వచ్చింది కాదు. పోటు తీసినప్పుడు మా పడవలు ఆ గడ్డిలో ఇరుక్కుంటాయి. ఎక్కేవాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో నడిచి రావాలి. ఆకులు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే పడవ ఆగిపోతుంది, ఎక్కినవాళ్ళు అమ్మ మీద అరుస్తారు. ముగ్గురు పిల్లల్ని, ఏడు పడవల్ని ఒక్కతే లాక్కొచ్చింది. నాన్న ఉన్నాడు. పని మాట వినపడితే నడుం పట్టేస్తుంది ఆయనకి. అప్పుడు కూడా దిండు ఆనుకుని రేడియో వింటున్నాడు.

"పోన్లే పాపం, ఆ అమ్మాయి..." అని నాన్న ఏదో అనబోయాడు.

"మీరు రేడియో వినండి," అంది అమ్మ.

* * *

మీటింగ్ రేపనగా మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి, వేరేవి. ఆకాశం నల్లగా ఉంది, ఆవిడ మొహం అంతకన్నా నల్లగా ఉంది.

"ఒకటి తక్కువుంది," అంది.

"ఏది?"

"ఎగతాళి వద్దు. అన్నిటికన్నా ముఖ్యమైంది. గడ్డి నట్టనడుమ పెట్టాను. రోజూ వెతుకుతున్నా. గుర్తుకి పెట్టిన ఎర్రజెండా కూడా మీరే పీకేశారు కాబట్టి చోటు దొరకడం లేదు. ఎక్కడ దాచారు?"

"దాచడమేంటి? దొరికిందల్లా ఇచ్చేశా!"

"జెండా దొరికింది, దాని పక్కనున్నది దొరకలేదా? నమ్మమంటారా?"

నా చేతిలో ఉన్న స్పానర్‌ని డబ్బాలోకి విసిరాను. "చూడండి, నేను కళ్ళున్నవాణ్ణే. జెండా పీకాను, చుట్టూ చేత్తో తడిమి కూడా చూశాను. అక్కడ ఏ ప్లాస్టిక్కూ లేదు. ఉత్త గడ్డి ఉంది, అంతే!"

ఆవిడ తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఉత్త గడ్డా?"

"అవును, గడ్డి! నాచు పట్టి, నత్తలు పట్టి, మురికి గడ్డి!"

"చేత్తో ముట్టుకున్నా కూడా గడ్డే అనుకున్నారా?" అంది మెల్లగా. ఆ గొంతు మెత్తబడటం నేను మొదటిసారి విన్నాను. "పడవ తియ్యండి."

"వాన వచ్చేలా ఉంది."

"ఎలాగూ నీళ్ళలోకే దిగుతాం కదా!"

జెండా చోటు నాకు బాగా గుర్తు. దీపస్తంభం, పాత జెట్టీ చివరి స్తంభం ఒకదాని వెనక ఒకటి వచ్చే చోట పడవ ఆపాను. లంగరు వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

"గడ్డి మీద వెయ్యొద్దు! దున్నేస్తుంది!"

"మరి పడవ కొట్టుకుపోతే?"

"తాడు నడుముకి కట్టుకోండి."

కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో నాకే తెలియదు. పడవని గేదెలా లాక్కుంటూ ఛాతీలోతు నీళ్ళలో నడిచాను. నడుస్తూ తిట్టాను. ఆవిడ కూడా తిట్టింది, నేను గడ్డి తొక్కుతున్నానని. అంతలో వాన మొదలైంది.

తల నీళ్ళలో పెట్టగానే వాన చప్పుడు మారిపోయింది. పైన ఎవరో అటుకులు చల్లుతున్నట్టుంది. కింద గడ్డి ఒకవైపు వాలి, మళ్ళీ రెండోవైపు వాలుతోంది. ఆవిడ ముందు పోతోంది. ఒకచోట ఆగి నా మణికట్టు పట్టుకుంది. చూపుడువేలు చూపించింది.

నాకు గడ్డే కనిపించింది. ఆకుల మీద గోధుమరంగు నూగు, ఆవగింజలంత నత్తలు. మరీ దగ్గరికెళ్తే ఆకుల మొదట్లో ఇనప జల్లెడ అంచు బయటపడింది. అది నేను దాచానని ఆవిడ తిట్టిన కుచ్చే. దాచింది నేను కాదు, దాని మీద కాపురం పెట్టినవాళ్ళు.

పైకి లేచాం. ఇద్దరికీ ఊపిరాడటం లేదు.

"చూశావా?" అరిచింది. "నువ్వు కూడా మోసపోయావు! ఇన్నేళ్ళు ఈ నీళ్ళలో తిరిగినవాడివి!"

కోపంలో ఆవిడ మీరు అంటుంది. సంతోషం వస్తే నువ్వులోకి దిగిపోతుంది. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తెలిసింది. చొక్కా కింద గుండె ఇంజన్ పట్టేసినట్టు ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది.

ఆవిడ సంచి తొడిగిన తీరు చూడాలి. నిద్రపోతున్న పసిపిల్ల మీద దుప్పటి కప్పినట్టు కప్పి, కిందనుంచి మూతి బిగించి, నీళ్ళతో సహా పైకి తెచ్చింది. పడవలో టబ్బు నిండా సముద్రపు నీళ్ళు పోసి అందులో వదిలింది. ఎర చేపల్ని బతికించడానికి నేను వాడే గాలి పంపు పెట్టాను. ఇద్దరం టబ్బు మీదికి వంగాం. తలకాయలు ఢీకొన్నాయి.

"చూసుకోరా?"

"మీరు చూసుకోండి!"

రొయ్యలు గాజులా ఉన్నాయి, లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది. పుల్లకి కాళ్ళొచ్చినట్టున్న ఒక జీవి రిబ్బన్ పట్టుకుని ముందుకి వంగుతోంది, వెనక్కి లేస్తోంది. గింజంత పురుగులు వందలకొద్దీ ఆకు మీద నాచు గీరుతున్నాయి.

"వీళ్ళే లేకపోతే నాచు పట్టి, ఎండ తగలక ఆ గడ్డి చచ్చిపోతుంది. గడ్డి ఇల్లిస్తుంది, వీళ్ళు ఆ ఇల్లు తుడుస్తారు," అంది. "నువ్వు వీళ్ళనే... పోనీలే."

"పొద్దున్నంతా కడిగాను," అన్నాను. ఆ మాట అంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. "సారీ. ఆ రోజే చెప్పాల్సింది."

ఆవిడ టబ్బులోకే చూస్తోంది. రిబ్బన్ల మధ్య ఒక రిబ్బన్ కదిలింది. దానికి కళ్ళున్నాయి. సన్నటి పొడుగు మూతి. పుల్లలా ఉన్న చేప, పొట్ట కింద మాత్రం ఉబ్బుగా ఉంది.

"కడుపుతో ఉంది పాపం," అన్నాను.

"ఉన్నాడు, అను. అది మగది."

"మగదా!"

"ఆడది గుడ్లు వీడి సంచిలో పెట్టేసి పోతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా వీడే మొయ్యాలి. సముద్రపు గుర్రాలకి చుట్టం." నా మొహం చూసి నవ్వింది. "ఏం, అలా అయిపోయావు? మగాడు మోస్తే తప్పా? ఓ, నువ్వు కూలీవి కాదుగా!"

వాన ఆగింది. ఆవిడ కనురెప్పల మీద నీళ్ళున్నాయి. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ అడిగింది.

"రేపు మీటింగ్‌కి వచ్చి చెబుతావుగా? పొరపాటున కడిగానని?"

నాకు అమ్మ మొహం కళ్ళముందు కదిలింది. "టబ్బు మీ చేతిలో ఉందిగా. ఇంకా నేనెందుకు? మా అమ్మ ఎదురుగా..."

"ఎదురుగా?"

"ఆవిడ నలుగురిలో ఉండగా నేను లేచి... ఎలా కుదురుతుంది? మీకు తెలియదు ఆవిడ సంగతి."

ఆవిడ మొహం మూతపడిపోయింది. "కుదరదు లెండి," అంది. మళ్ళీ మీరు. "ఆ పుల్లచేపని చూశారా, అగ్గిపుల్లంత లేదు, దానికి కూడా వెన్నెముక ఉంది. మీరు ఆ పక్కనున్న రొయ్య. రొయ్యకి ఉండదు."

ఒడ్డుకి చేరాక టబ్బు నేను పట్టుకోబోతే, "ముట్టుకోకండి," అంది.

* * *

రొయ్య! ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లారి అద్దంలో చూసుకుని కూడా అదే మాట అనుకున్నాను. ఎవరి మీద కోపమో తేలడం లేదు. ఆవిడ మీదా, అమ్మ మీదా, నా మీదా. తేలకుండానే మీటింగ్‌కి వెళ్ళి వెనక నిలబడ్డాను.

కమిటీ హాల్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. ముందు వరసలో అమ్మ, ఆమె వెనక పడవల యజమానులు, మూల కుర్చీలో నాన్న కునికిపాట్లు. గడ్డి డాక్టర్ టబ్బుని బల్ల మీద పెట్టింది. అందరూ లేచి తొంగిచూశారు. చైర్మన్ కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"బాగున్నాయమ్మా. ముద్దొస్తున్నాయి. కానీ ఇది ప్లాస్టిక్ కదా?"

"అవునండీ. గడ్డిలో ఎవరుంటారో తెలుసుకోడానికి..."

"ఆగండి. ప్లాస్టిక్ మీద ఇంత చక్కగా బతుకుతున్నాయి కదా! ఇంక గడ్డి ఎందుకు? జెట్టీ కట్టేద్దాం. కింద నాలుగు ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టి వదిలేద్దాం. జెట్టీ మనకి, రిబ్బన్లు వాటికి."

హాలంతా నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు.

ఆవిడ టబ్బు అంచు గట్టిగా పట్టుకుంది. అంత కోపిష్ఠి మనిషికి నోట మాట రాకపోవడం నేను చూడలేకపోయాను. "దానికి... గడ్డి లేని చోట కూడా పెట్టానండీ, పోల్చి చూద్దామని... ఆ రిబ్బన్లు..." అని ఆగిపోయింది. అవి నేను కడిగేశాను కదా!

"ఆ రిబ్బన్లు నేను కడిగాను!"

అరిచింది నేనే. అందరూ వెనక్కి తిరిగారు. అమ్మ కూడా.

"స్పానర్, నీకేంటి దీంతో?" అన్నాడు చైర్మన్.

"నాకే సంబంధం! చెత్తనుకుని పీకింది నేను, గొట్టం పెట్టి కడిగింది నేను. ప్రతిదీ ఈ చేతులతో ముట్టుకున్నాను. గడ్డిలోంచి తీసినవి రుద్ది రుద్ది చచ్చాను, అంత పట్టి ఉంది వాటికి. పాత జెట్టీ కింద ఉత్త ఇసకలో ఉన్నవి మాత్రం ఒక్క చిమ్ముతో శుభ్రం. బంక తప్ప ఏం లేదు. రిబ్బను అదే, నీళ్ళు అవే, పెట్టింది ఒకేసారి. మీరు చెప్పే జెట్టీ కింద రిబ్బన్లు ఇప్పటికే పెట్టి చూశారండీ ఈవిడ! ఒక్కడూ దిగలేదు అద్దెకి! ఊరుంటేనే కదా ఇంటికి జనం వచ్చేది? ఊరిని తవ్వేసి, ఎడారిలో ఒక ఇల్లు కట్టి, రండర్రా కాపురానికి అంటే ఎవడొస్తాడు?"

ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"కూర్చో!" అంది అమ్మ.

"కూర్చోను."

నా జన్మలో అమ్మతో ఆ మాట అనడం అదే మొదలు. అమ్మ చూపు దించలేదు. అయినా కూర్చోలేదు.

"నీళ్ళలో నడిచి వస్తున్నారమ్మా మనవాళ్ళు, నిజమే. జెట్టీ కావాలి, నాకూ కావాలి. పాత జెట్టీ పక్కన ఇసకలో కట్టమను. అక్కడ ఎవరి ఇల్లూ లేదు. నాలుగడుగులు ఎక్కువ నడుస్తారు, అంతేగా!"

అమ్మ లేచింది. నా వైపు రాలేదు. టబ్బు దగ్గరికి నడిచింది. గడ్డి డాక్టర్ టబ్బుకి అడ్డంగా నిలబడింది, పక్కకి జరగలేదు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఉప్పూ నిప్పూ అంటారే, ఇక్కడ నిప్పూ నిప్పే.

"జరుగు, తినెయ్యనులే," అంది అమ్మ. తొంగిచూసింది. "ఈ పొడుగుది ఏంటి? పొట్టేంటి దీనికి?"

"పిల్లలండీ."

"కడుపుతో ఉన్నదాన్ని ఇలా టబ్బులో తిప్పుతావా? జాలి లేదూ?"

"అది ఆడది కాదండీ. మగది. వీళ్ళల్లో మగవాళ్ళే మోస్తారు."

అమ్మ తల పైకెత్తింది. "ఏమన్నావు?"

"ఆడది గుడ్లిస్తుంది. అక్కణ్ణించి అంతా ఆయనే. పిల్లలు బయటపడేదాకా ఆయనే మోస్తాడు."

అమ్మ ఆ చేపని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి, మూల కుర్చీలో ఉన్న నాన్నని చూసింది. హాలంతా నాన్నని చూసింది. నాన్న నిద్రలేచి, "ఏమైంది?" అన్నాడు.

"ముగ్గుర్ని మోశాను," అంది అమ్మ. గొంతు పెద్దగా లేదు, కానీ చివరి వరస దాకా వినపడింది. "పడవల్ని మోశాను. ఇంటిని మోశాను. ఈ మనిషి ఒక్కనాడు బకెట్టు ఎత్తలేదు. మగాడు మోసే ఊరు ఒకటి నా ఇంటి ముందే ఉంటే, నేనే దాన్ని తవ్వమని సంతకం పెట్టానా?" చైర్మన్ వైపు తిరిగింది. "నా సంతకం కొట్టెయ్యండి. పాత జెట్టీ పక్కన కట్టండి."

"అది కాదమ్మా, అటు కడితే ఖర్చు..."

"కొట్టెయ్యమన్నానా?"

వెనకున్న యజమానుల్లో సగం మంది ఆడవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. వాళ్ళ మొగుళ్ళు నేల చూపులు చూశారు. చైర్మన్ నుదురు తుడుచుకుని, కొత్త చోటుకి ప్లాను మార్చమని ఇంజనీరుకి చెప్పాడు.

బయటికొస్తూ అమ్మ నా దగ్గర ఆగింది. లెంపకాయ కొడుతుందనుకున్నాను. "నా ఎదురుగా నిలబడటం ఇన్నాళ్ళకి వచ్చిందన్నమాట," అంది. "ఇంకోసారి చేస్తే కాళ్ళు విరగ్గొడతా." కళ్ళలో నీళ్ళున్నాయి. కోపం నీళ్ళో మరేం నీళ్ళో నేనడగలేదు.

* * *

రేవు మెట్ల మీద గడ్డి డాక్టర్ నా మీద విరుచుకుపడింది.

"పాత జెట్టీ కిందవి తేలిగ్గా కడిగానని మొదటిరోజే చెప్పొచ్చుగా! నా ప్రయోగంలో సగం జవాబు అదే! ఇన్నాళ్ళూ ఏడ్చాను!"

"చెప్పాను! మొదటిరోజే, షెడ్డులోనే చెప్పాను! మీరు వింటేగా!"

ఒక్క నిమిషం ఆలోచించింది. గుర్తొచ్చినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి. "కోపంలో ఉన్నా."

"ఎప్పుడు లేరు?"

"దొంగ అన్నా కదూ నిన్ను."

"రొయ్య అని కూడా అన్నారు."

"అది వెనక్కి తీసుకోను. నిన్నటికి అది నిజమే." నవ్వాపుకుంటోంది. "ఈ రోజుకి కాదు."

"కబుర్లు తర్వాత," అంది వెనకనుంచి అమ్మ. "ఆ ప్రాణుల్ని తొందరగా ఇంట్లో దింపండి. ఏరా, చూస్తావేం? మొయ్యి."

టబ్బు ఎత్తాను. నీళ్ళతో అది చచ్చేంత బరువు. మెట్లు దిగి, పడవ దాకా, పడవలోంచి గడ్డి నడుమదాకా మోశాను. ప్రతి అడుగుకీ నీళ్ళు తొణుకుతుంటే, "జాగ్రత్త! జాగ్రత్త!" అని పక్కన అరుస్తూనే ఉంది. టబ్బు నీళ్ళలో వంచితే మొదట రొయ్యలు పోయాయి. పుల్లచేప కాసేపు ఆలోచించి, గడ్డి ఆకుల్లోకి దూరి నిలువుగా నిలబడింది. మరుక్షణం ఎక్కడుందో నాకు తెలియలేదు.

ఖాళీ టబ్బు ఇద్దరి మధ్య తేలుతోంది.

"నాకు ఇంత కోపం బయటివాళ్ళ మీద ఎప్పుడూ రాలేదు తెలుసా?" అంది, నా వైపు చూడకుండా. "మా ఇంట్లోవాళ్ళ మీదే వస్తుంది. అమ్మ మీద, అన్నయ్య మీద. బయటివాళ్ళు ఏం చేసినా నాకు పట్టదు. నీ మీద మాత్రం మొదటిరోజు నించీ... ఎందుకో అర్థమవుతోందా?"

"కావడం లేదు," అన్నాను. నిజంగానే కాలేదు.

"మొద్దు!" అని మొహం మీద నీళ్ళు కొట్టింది.

అప్పుడర్థమైంది. టబ్బు పక్కకి నెట్టి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. "నాకు కూడా నీ మీద చచ్చేంత కోపం," అన్నాను. మొదటిసారి నువ్వు అన్నాను.

"ఏరా!" ఒడ్డు మీదనుంచి అమ్మ కేక. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తోంది. "ఆ టబ్బు కడగకు! అడుగున ఇంకా ఏవైనా ఉంటాయి! ముందు ఒడ్డుకి తీసుకురా, నా కోడల్ని సరిగ్గా చూడనీ!"